పసుపు కోటుకి ఒక కూత

గద్దకి ఒక కూత.
కొయోటీ నక్కకి ఇంకొకటి.
పసుపు కోటు వేసుకుని వచ్చే డెల్ఫీన్‌కి
వేరే కూత ఉందని
మూడో వేసవిలో గానీ ఆమెకి తెలియలేదు.

డకోటా గడ్డి మైదానంలో, పికప్ కప్పు మీద
నోటుబుక్కు మోకాలికి ఆనించి కూర్చునేది.
కింద మట్టిదిబ్బల ఊరు.
పిస్పీజలు, వాళ్ల అమ్మమ్మ మాటలో.
ఎదురుపడితే పళ్లకి పళ్లు తాకించి
మనదేనా అని చూసుకుంటాయి.
చూపుకి అడ్డమొచ్చిన గడ్డిని
ఆకలి లేకపోయినా కొరికి పారేస్తాయి.
గండం దాటగానే ఒకటి
నిటారుగా లేచి, తల వెనక్కి విసిరి అరుస్తుంది,
ఆ ఊపుకి వెల్లకిలా పడుతుంది.
చూస్తే ముద్దొస్తుంది.
అలాంటిదే ఒక తల్లి
అక్క కన్నంలో దూరి
ఎర్రటి మూతితో బయటికొచ్చింది.
డెల్ఫీన్ అదీ రాసుకుంది, వేళతో సహా.

తర్వాతి ఏడు ప్లేగు.
దిబ్బల మధ్య నడిచింది, బూట్లు చప్పుడయ్యేలా.
ఒక కన్నంలోంచి గుడ్లగూబ చూసింది,
ఏమీ అనలేదు.
కొరికేవాళ్లు లేక గడ్డి మోకాలిదాకా వచ్చింది.
లోకంలో తనకున్న రెండో పేరు
పలకగలిగినవాళ్లు లేరు.

చాలాసేపటికి, కంచె అవతల
సన్నగా ఒక కూత.
గద్దకో, తనకో.
డెల్ఫీన్ కోటు గుండీలన్నీ పెట్టుకుని
బాగా కనబడేలా నిలబడింది.