తప్పొప్పుల చీటీ

మా ఫ్లెక్సు అంగడికి మౌలాలి తాత
మూడు గోనెసంచులు మోయించుకోని వచ్చినాడు.
గుంతకల్లు పార్సిలాఫీసులో ముప్పై రెండేండ్ల గుమాస్తా.
సంచుల నిండా పాత రైల్వే ఫారాలు,
వాటి వెనకవైపు, పచ్చ ఇంకుతో,
మందారవల్లి.

నూట నలభై ఒక్క సినిమాలు.
ఏది ఎన్ని రీళ్ళు, ఎన్ని అడుగులు,
ఆదోనిలో ఎన్నాళ్ళు ఆడింది, గుత్తిలో ఎందుకు ఆడలేదు,
చీరల లెక్క, చెంపదెబ్బల లెక్క,
గ్లిజరిన్ లేకుండా ఏడ్చినవి వేరే పట్టీ.
పుట్టిన సంవత్సరం నాలుగు పత్రికలు నాలుగు రాసినాయి,
నాలుగూ వేయమన్నాడు.
"తీసేసేకి మనమెవురమ్మా?"

పెండ్లిపత్రికలు, లీడర్ల పుట్టినరోజులు పక్కన పెట్టి
ఎండాకాలమంతా టైపు చేసినాను.
ఆమె ఎవరో నాకు తెలీదు.
కరెంటు పోయినప్పుడల్లా సగం పేజీతో పాటు పోయేది,
మళ్ళీ కూచోని పుట్టించేదాన్ని.

ఒక జానపదంలో నీళ్ళకు పోయే పదకొండు మందిలో
ఎడమ నుంచి ఏడో బిందె ఆమెదంట.
ముఖం కనపడదు.
"ఎట్ల చెప్తావు తాతా?"
"బరువు మోసేవాళ్ళ నడక నాకు తెలీదా?
పదకొండూ ఖాళీ బిందెలే.
నిండుబిందె నడక నడిచింది ఆ యమ్మ ఒక్కతే."

నూట పదిహేడు దగ్గర ఆగినాడు.
ప్రింటు యాడా లేదు. నెగెటివు కాలిపోయింది.
పోస్టరు లేదు, పాటల పుస్తకం లేదు,
చూసినానన్న మనిషి లేడు.
వానాకాలం, మీటరుగేజి బండికి రెండు పెట్టెలు దిగినాయంట.
పత్తికొండ టూరింగు టాకీసుకు పోవాల్సినవి.
గాలికి గుడారమే లేచిపోయింది, తీసుకపోను ఎవరూ రాలేదు.
రెండు రాత్రులు ఆయన బల్ల కిందనే ఉన్నాయి.
"తెరిచి చూడలేదా?"
"సీలు ఉండాది కదమ్మా."
మూడో పొద్దు తిరుగు బండికి ఎక్కించినాడు.

117. పెట్టెలు రెండు. బరువు 39 కిలోలు.
ఆ పేజీలో మిగిలిందంతా తెలుపే.
జాగా దండగ, ఫొటో ఏదన్నా వేద్దామంటే
ఉండనీ అన్నాడు.

పెన్షను బాకీ వచ్చిన దుడ్లతో యాభై కాపీలు.
బైండింగు అయిన మరుసటి పొద్దున
షట్టరు తీయకముందే మెట్టు మీద కూచోనున్నాడు,
పక్కన విప్పని ఉగ్గాని పొట్లం.
"తప్పు పోయిందమ్మా.
పెట్టెలకు తాళాలుండె.
పావుకిలో, పావుకిలో. తీసెయ్యలేదు."

యాభై చీటీలు కత్తిరించినాము.
పేజీ 388లో 39 అని ఉన్నచోట
38½ అని చదువుకోవలెను.
మైదా గంజి వేళ్ళ మీద ఆరిపోతా ఉంటే
ఆఖరిది అతికించి, పుస్తకం ఆయనకిచ్చినాను.
తెరవలేదు.
రెండు అరచేతుల మీద పెట్టుకోని
కొంచెం పైకి, కొంచెం కిందికి ఆడించి
"ఇప్పుడు సరిపాయ" అన్నాడు.