నోజిమా నిద్రపోతాండాడు

రాయదుర్గంలో మా షెడ్డు కిటికీకి అద్దం లేదు,
గోనెపట్ట ఉంది.
పద్నాలుగు మిషన్లు.
నాది జిప్పుల మిషను, చివర నుంచి మూడోది.
రాత్రి షిఫ్టంతా జీన్సు నూగు ఎగురుతాంటాది,
ఆకాశాన్ని ఎవురో గోటితో గీకినట్టు.
ముక్కు చీదినా నీలమే.

వన్నూర్వలి సెల్లును దారం కండెకు ఆనిచ్చేవాడు.
జపాను బొమ్మల సీరియలు.
మాటలు జపానువి, కింద అక్షరాలు ఇంగ్లీషువి,
మాకు చేరేది వన్నూర్వలి గొంతు.
డిగ్రీ రెండేండ్లు చదివి మానుకున్నోడు.
రెండు రాజ్యాల సేనాపతులకూ వాడే దిక్కు:
ఒకాయనకు బళ్ళారి యాస,
ఇంగొకాయనకు కళ్యాణదుర్గం యాస.
"ఏమప్పా ఎల్దా, ఓడలు ఎనక్కి తిప్పుతావా, ల్యాదా?"
పన్నెండు వేల ఓడలు
ఆ ఒక్క మాటకు చుక్కల మధ్య నిలబడిపోయేవి.

మొదట్లో పేలుళ్ళ కోసం చూసినాం.
ఆ కథలో కొట్లాట తక్కువ.
ఒక గది, ఇద్దరు మనుషులు, చల్లారిన టీ.
గెలిచినోడు కూడా తల వంచుకోనే బయటికొస్తాడు.
కాజాలు కుట్టే మల్లేశప్పకు మాత్రం
మొదటి రాత్రి నుంచీ ఒకటే అనుమానం:
"ఇంతమందికి బువ్వ ఎవురు వండుతారు రా?"

తొమ్మిదో భాగంలో దొరికినాడు.
నోజిమా. రేషను ఆఫీసరు. బట్టతల. తుపాకి ముట్టడు.
యుద్ధం అయినంక కూర్చోని లెక్క రాస్తాడు:
పొద్దున నలభై వేల కంచాలు,
రాత్రికి ముప్పై ఒక్క వేలు.
చచ్చినోళ్ళు అని ఎప్పుడూ రాయడు.
మిగిలిన కంచాలు, అని రాస్తాడు.

మల్లేశప్ప మిషను ఆగింది.
"కరువు పనుల కాడ మా మేస్త్రీ ఇట్లనే,
రానోళ్ళ పేరు కొట్టేసేవాడు కాదు,
పక్కన చిన్న సున్న చుట్టేవాడు."
అంతే. మళ్ళా కాజాలు.

ముప్పై ఒకటో భాగం.
సంధి కుదిరింది, తుపాకులు దించినారు.
అప్పుడు యాడిదో దారి తప్పిన మందుగుండు.
నోజిమా పిండి మూటలకు ఆనుకోని ఉండాడు,
చేతిలో గరిటె.
కింద అక్షరాలు పోతాండాయి,
వన్నూర్వలి గొంతు రాల్యా.
మిషన్లన్నీ వాని వైపు తిరిగినాయి.
"నోజిమా నిద్రపోతాండాడు," అన్న్యాడు.
"అలిసిపోయినాడు పాపం."
"పండుకోనీ," అన్న్యాడు మల్లేశప్ప.

నేను పదో తరగతి ఫెయిలు.
అయినా ఆ చిన్న ఇంగ్లీషు మాట నాకు వచ్చు.
నాయన ఆస్పత్రి చీటీ మీద చూసినా.
నోరు మెదపల్యా.

ఆ పొద్దు నుంచి నోజిమా
ఒకసారి లీవులో ఉండాడు,
ఒకసారి పక్క ఓడకు బియ్యం కోసం పోయినాడు.
ఎల్దా పొడుగ్గా మాట్లాడేదంతా
నోజిమా రాసిన ఉత్తరమైపోయింది.
యుద్ధం సగం ఆయన మాట మీదనే ఆగింది మా షెడ్డులో.

ఒక మధ్యాన్నం వన్నూర్వలి నాకు పుస్తకం చూపించినాడు,
బళ్ళారిలో పాతది కొన్న్యాడంట,
ఈ సీరియలుకు మూలం, ఏడిట్లో మూడోది.
"సూడక్కా, ఆయన సావు ఇంతే."
పేజీ అడుగున ఒక్క వరుస.
"రాసినాయన ఎనక్కి తిరిగి చూడల్యా.
బొమ్మలేసినోళ్ళు రెండు నిమిషాలు ఇచ్చినారు,
చేతికి గరిటె ఇచ్చినారు.
నేను ఇంగ కొంచెం ఇచ్చినా.
తప్పా?"

ఏం చెప్పాలో తెలీక
వాని చొక్కా మీద నూగు దులిపినా.

ఆఖరి భాగం అయిపోయిన రాత్రి,
తెల్లారి ఐదింటికి ఉగ్గాని పొట్లాలు వచ్చినాయి.
పద్నాలుగుకు పదహైదు.
పిల్లోడు లెక్క తప్పినాడు.
ఎనక్కి ఇయ్యబోతే మల్లేశప్ప చెయ్యి అడ్డం పెట్టినాడు.
కాగితం విప్పల్యా, నూనె అంటిన వేలితో
దాన్ని తన మిషను పక్కకు జరుపుకున్న్యాడు.
"ఉండనీ. మిగిలిన కంచం."

వన్నూర్వలి నా వైపు చూసినాడు.
నేను జిప్పు వైపు.
సూది కిందికి పోయి, పైకొచ్చి,
మళ్ళా కిందికి పోయింది.