ఐదో మాట

ఆ ఉదయం కాఫీ కప్పు కుడిచేతిలోంచి జారింది.
"ఏం లేదు" అన్నాడు టౌనో.
ఆ రెండు మాటలూ
ఒకదాని మీదొకటి ఎక్కి బయటికొచ్చాయి.
నేను ముందు చూసింది అతని మొహం కాదు, గడియారం.
ఏడూ పద్దెనిమిది.
అంబులెన్సు కుర్రాడు అడిగిందీ అదే:
మూతి వంకర సంగతి సరే, ఎప్పటినుంచి?

ఔలు ఆస్పత్రిలో చిన్న డాక్టరమ్మ
నిలబడే చెప్పింది.
మెదడులో గడ్డ. కరిగించే మందుంది.
నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.
లోపల నెత్తురు కారే ప్రమాదమూ ఉంది.
సరేనంటారా?

ముప్పయ్యేళ్ళు ఐస్‌బ్రేకర్ మీద చేసిన మనిషి.
బోత్నియా సముద్రం గడ్డకట్టిన ప్రతి చలికాలం
దాన్ని చీల్చి సరుకు ఓడలకు దారిచ్చినవాడు.
ఆ దారి వెనకే మూసుకుపోతుందని
ఆయనే చెప్పేవాడు నాకు.
సరేనన్నాను.

సన్నటి గొట్టంలో నీళ్ళలాంటి మందు, ఒక గంట.
మధ్యాహ్నానికి వేళ్ళు కదిలాయి.
పొద్దుగూకే వేళకి "ఐలి" అన్నాడు, నా పేరు,
ఏ వంకరా లేకుండా.
గడ్డ కరిగింది, గట్టెక్కాం అనుకున్నాను.

తొమ్మిదేళ్ళు.
ఏటా అక్టోబరులో జ్ఞాపకాల పరీక్ష.
ఆ మందు అందినవాళ్ళకి
తర్వాత్తర్వాత మతి తప్పడం కాస్త తక్కువట,
నర్సు చెప్పింది.
ఆ "తక్కువ"ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.
దారంతా బంగాళాదుంపల మధ్య దొర్లుతూనే ఉంది.
తక్కువంటే ఎంత? ఎవరికి?
లేదని మాత్రం అనలేదు.

ఈసారి ఐదు మాటలిచ్చి గుర్తుంచుకోమంది.
చెంచా, గుర్రం, కిటికీ, నీలం, ఇంకొకటి.
గడియారం గీయమంటే గీశాడు,
అంకెలన్నీ ఉన్నాయి, పన్నెండు దగ్గర కొంచెం ఇరుకు.
వందలోంచి ఏడేసి తీసేస్తూ
డెబ్బై తొమ్మిది దగ్గర ఆగి నావైపు చూశాడు.
నేను పార్కింగులో కార్లు లెక్కపెట్టాను.
అందించకూడదు.

మాటలు మళ్ళీ అడిగితే నాలుగు చెప్పాడు.
ఐదోది నాకూ తట్టలేదు.
ఏ గడ్డా అడ్డుపడని తల నాది.
నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాత్రి సౌనాలోంచి వచ్చి
తడికాళ్ళతో వంటింటి గుమ్మంలో నిలబడి
"తాడు" అన్నాడు.
ముప్పయ్యేళ్ళు నా అరచేతులు కోసిన తాడు,
దీని తస్సదియ్య!
తిడుతూ నవ్వుతున్నాడు, ఒళ్ళంతా ఆవిరి.

ఇప్పుడు మార్కు ఎవరేస్తారు?
కరెంటు బిల్లు కవరు మీద ఆ మాట రాసి
పక్కన టైము కూడా వేశాను.
పదీ నలభై.