ఏడో గడి

రిజిస్టరులో ఆరు గడులే ఉండేవి.
పేరు, వయసు, వచ్చిన వేళ,
ఏమంటున్నాడు, ఏమిచ్చాం, ఎటు పంపాం.
ఏడోది సరన్‌గువా డాక్టరు గీసింది,
స్కేలు దొరక్క, ఎక్స్‌రే అట్ట అంచు పెట్టి.
గీత కొంచెం వంకర పోయింది.
"ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా?"
అంత ప్రశ్న ఆ ఇరుకులో పట్టక
చివరి మాట పక్క పేజీలోకి జారింది.

నేను రాత్రి నర్సుని. నవ్వాను.
ఉలాన్‌బాతర్‌లో జనవరి, మైనస్ ముప్పై మూడు.
కొండవాలు గుడారాల పొయ్యిలన్నీ ఒక్కసారే ఊపిరి వదిలితే
వీధి దీపాలు కూడా దగ్గుతున్నట్టుండే రాత్రి.
మంచం మీద ఒకడు, నేల మీద ఇద్దరు,
ఇప్పుడు ఇంకో గడి నింపాలా?

ఆమె వాదించలేదు.
పొద్దున ఏడున్నరకి, షిఫ్టు మారే వేళ,
పిల్ల డాక్టర్లు ఉప్పేసిన పాల టీ పట్టుకు నిలబడితే
మొట్టమొదట తన తప్పు చెప్పింది.
రెండు చలికాలాల కిందట దావాసురెన్ అనే ముసలాయనకి
జలుబు జ్వరమనుకుని మాత్రలిచ్చి పంపిందట.
వేలికి తగిలించిన యంత్రం తొంభై తొమ్మిది చూపించిందట.
"ప్రాణవాయువుకీ బొగ్గు విషానికీ తేడా తెలియని గుడ్డిది అది.
నేను దాని కళ్లతో చూశాను."
ఆయన అదే గుడారానికి వెళ్లి అదే పొయ్యి పక్కన పడుకున్నాడు.
ఆ తర్వాతది చెప్పలేదు.
టీ మీద మీగడ కట్టింది.

అప్పటిదాకా మాకు పెద్ద డాక్టరంటే
తప్పు ఎవరిదో చూపించే వేలు.
ఆ వేలు వెనక్కి తిరగడం అదే చూడ్డం.

రాశాను.
విసుక్కుంటూ. ఒక్కోసారి అడక్కుండానే "లేదు" అని.
(అలాంటివి ముప్పై ఒకటి, తర్వాత నేనే ఒప్పుకుంటే
ఖులాన్ ఎర్ర సిరాతో కొట్టేసింది.)

ఖులాన్ రెండో ఏడు విద్యార్థిని, గోబీ వైపు పిల్ల.
లెక్కంటే ఒంటెల్ని లెక్కపెట్టినట్టే అనేది,
తప్పిపోయినదే కథ చెబుతుంది, మిగతావి మేస్తాయి.
మూడు చలికాలాల పుస్తకాలు, తడిసినవీ, రక్తం చుక్క పడ్డవీ,
ముందరేసుకుని కూర్చునేది.
పత్రం పంపారు. తిరిగొచ్చింది.
సంఖ్య చిన్నదన్నారు.
సరన్‌గువా ఆ ఉత్తరం టీ గది గోడకి అంటించి
"నిజమే, చిన్నదే" అని
ఇంకో రిజిస్టరు కుట్టడానికి దారం అడిగింది.

ఇక ఆ రాత్రి.
రెండుంబావు. బొగ్గు లారీ డ్రైవరు ఒక్కడే నడిచొచ్చాడు.
వాంతి, తల దిమ్ము. తాగాడనుకున్నాం, వాసన లేదు.
ఆక్సిజన్ మాస్కు పెట్టాక, పెన్ను చివరి గడి దాకా వచ్చాక
అలవాటుకొద్దీ అడిగాను.
మాస్కు పక్కకి లాగి అన్నాడు:
"వాళ్లకేం లేదమ్మా. హాయిగా నిద్రపోతున్నారు.
లేపినా లేవలేదు."

పెన్ను ఎక్కడ పడిందో తెలియదు.

ఖులాన్ ఫోనులో అంబులెన్సుకి అరుస్తోంది.
ఆ కొండకి చిరునామాలుండవు:
నీళ్ల గది దాటాక విరిగిన కంచె, నీలి తలుపు, నల్ల కుక్క.
తల్లినీ ఇద్దరు పిల్లల్నీ తెచ్చారు.
తెల్లారగట్ల చిన్నది కళ్లు తెరిచి
మాస్కులోంచి మొదట అడిగింది తన మేకపిల్ల గురించి.
దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు.

ఏడున్నరకి చప్పట్లేం లేవు.
"రెండుంబావుకి వచ్చాడు. ఎన్నింటికి అడిగావు?"
రెండూ ముప్పై ఆరు.
ఇరవై ఒక్క నిమిషాలు.
అందరం ఆ అంకెకేసి చూశాం.
వెనకనించి ఇదెర్‌బాయర్, చేరి నెల కాని కుర్రాడు,
గొంతు వణుకుతుండగా అన్నాడు:
"మేడమ్, ఆ గడి ఏడోది ఎందుకు?"

ఆమె జవాబు చెప్పలేదు.
ఎక్స్‌రే అట్ట కోసం చుట్టూ వెతకసాగింది.