హస్తవాసి

జింఖితా, నీకంటే ముందు
ఈ గదిలో పదకొండు మందిని చూశాను,
డాక్టరు చదువు సగంలో ఆపి
పరిశోధన పట్టా కోసం మెట్లు దిగి వచ్చినవాళ్ళని.
ముగ్గురు మధ్యలోనే వెళ్ళిపోయారు.
ఒకతను కోటు కూడా వదిలేశాడు,
ఇప్పటికీ ఉతికి కొక్కేనికి తగిలిస్తున్నాను.

నేను ఫాయెక్‌ని. పట్టాలు లేవు.
కేప్‌టౌన్ కొండ కింద ఇరవై ఆరేళ్ళుగా
క్షయ క్రిములకు వంటవాణ్ణి.
కోడిగుడ్లు పగలగొట్టి, పచ్చరంగు కలిపి,
సీసాల్లో పోసి, వాలుగా పడుకోబెట్టి ఉడికిస్తాను.
ఇంట్లో ఎవరు అట్టు వేసినా
నాకు ఈ గది వాసనే.

మొదటిరోజు మెడలో స్టెతస్కోపుతో వచ్చావు.
"ఇదెక్కడ పెట్టను?" అన్నావు.
కోటు పక్కన మేకు చూపించాను.
నాలుగేళ్ళు అక్కడే వేలాడింది.
రబ్బరు బిగుసుకుపోయింది.

ఆ ఏడాదంతా నీ సీసాల్లో ఏమీ మొలవలేదు.
మొలిస్తే బూజు.
వారం వారం ఖాళీ సీసాని దీపానికెత్తి చూసేదానివి.
ఆ గదిలో మాస్కు తీయకూడదు,
ఏడిస్తే తుడుచుకోనూ కూడదు.
గాజు పలక ఇవతలి నుంచి
నీ భుజాలు చూసి తెలుసుకునేవాణ్ణి.

తరవాత ఒక మంగళవారం,
సీసా మూలన ఎండు రొట్టె పొడిలా
నాలుగు పలుకులు.
"నీది మంచి హస్తవాసి" అన్నాను.
"క్రిములకా?" అని నవ్వావు.
అవును మరి. ఇక్కడ చెయ్యి మంచిదైతే
అవి బతుకుతాయి.

కరెంటు కోత రాత్రి గుర్తుందా?
జనరేటరు మొరాయిస్తే, టాక్సీలు లేక
ఎదురుగాలిలో నడిచొచ్చావు.
ఫ్రీజరు తలుపుకి వీపు ఆనించి
తెల్లారేదాకా కూర్చున్నావు,
లోపల ఎవరో పసివాళ్ళు నిద్రపోతున్నట్టు.

పట్టా వచ్చింది. మళ్ళీ మెట్లెక్కి వార్డుకి.
నీతో కలిసి శవాన్ని కోసిన రువైదా
ఇప్పుడు నీ హాజరు పుస్తకంలో సంతకం పెట్టే డాక్టరు.
ఓడరేవులో మూటలు మోసిన ముసలాయన,
ఆరెండ్సే, చెయ్యి చాపాడట.
మూడుసార్లు సూది తప్పావట.
"అమ్మా, నీ లావుపాటి పుస్తకంలో
నా నరం ఒక్కటే లేదా?" అన్నాడట.
సాయంత్రం నా బల్ల దగ్గర కూర్చుని
చేతులు రెండూ ముందు పెట్టుకుని చూశావు,
ఎవరో మరిచిపోయి వెళ్ళినవాటిలా.

రెండు పడవల మీద కాళ్ళన్నారు నీ గురించి.
మా నాన్న హౌట్ బేలో చేపలు పట్టేవాడు.
రోజూ పెట్టేవాడు రెండు పడవల మీద కాళ్ళు,
ఒకదాన్ని ఇంకొకదానికి కట్టేటప్పుడు.
తాడు ముడి పడేదాకా
నడుము విరిగినంత పనయ్యేది.
ఒకసారి నీళ్ళలో పడ్డాడు కూడా.
ఇది నీకు చెప్పలేదు.
టీ ఇచ్చానంతే.

నువ్వు పట్టుబట్టి సోమవారాలు
నరాలు వెతకడం మళ్ళీ నేర్చుకున్నావు.
నా ముంజేతి మీద కూడా. మచ్చలింకా ఉన్నాయి.

ఆర్నెల్ల మందుల తరవాత
ఆరెండ్సే కఫం డబ్బా పట్టుకుని
మనిషితో పంపకుండా నువ్వే దిగి వచ్చావు.
చీటీ మీద నీ రాత.
ఆరోజు గుడ్లు మరీ జాగ్రత్తగా కొట్టాను,
ఎందుకో తెలీదు.
తిండి బాగుంటే అవి తింటాయిగా,
ఉంటే.

రెండో వారం. నాలుగో వారం.
అడగడానికి రాలేదు నువ్వు.
ఎనిమిదో వారం వచ్చావు.
మేకున ఇప్పుడు కోటు ఒక్కటే ఉంది.
మాస్కు బిగించి, లోపలికెళ్ళి,
సీసాని దీపానికెత్తావు.

నున్నగా, పచ్చగా, ఏమీ లేదు.

దించలేదు. అలాగే పట్టుకున్నావు.
గాజు పలక ఇవతల నేను
నీ భుజాలు చూస్తున్నాను.