నిండు సీసా

తెల్లారి నాలుగూ పదికి కావలి డిపోలో
సీసా నింపుకుంటాను.
రాత్రి ఎనిమిదికి దిగేటప్పుడూ
అది నిండుగానే ఉంటుంది.
నాలుగు ట్రిప్పులూ టికెట్ లేకుండా
తిరిగొచ్చే ప్రయాణికురాలు.

తాగితే దిగాలి కదా.
దిగి ఎక్కడికి?
కలిగిరిలో తలుపుంది, గడియ లేదు.
వింజమూరులో గడియుంది, నీళ్ళు లేవు.
దుత్తలూరులో గోడ మాత్రం ఉంది,
దానవతల బీడీలు కాల్చుకుంటూ నలుగురు.
ఉదయగిరిలో అన్నీ ఉన్నాయి, తాళంతో సహా.
తాళంచెవి ఎవరి దగ్గరుందో
కంట్రోలర్ గారికీ తెలియదు.

అందుకని నాలిక చివర తడుపుకుంటాను, అంతే.
కడుపు ఊరుకుంటుందా?
సోమవారం లేదు. మంగళవారం లేదు.
బుధవారం పొద్దున పిలుపొచ్చింది,
సరిగ్గా అరవై మంది తోసుకుంటూ ఎక్కుతున్నప్పుడు.
తర్వాత రమ్మన్నాను.
దానికీ రోషముంటుంది. మళ్ళీ రాలేదు.

శుక్రవారానికి
చిల్లర సంచీ కంటే కడుపే బరువు.
కూర్చోలేను, నిలబడలేను.
ఫుట్‌బోర్డు మీది పిలకాయల్ని కసిరాను.
ఐదొందల నోటిచ్చిన ముసలాయన్ని
అనరాని మాటన్నాను.
మెడికల్ షాపులో అడగబోతే
మా ఆడపడుచు కొడుకు నిలబడున్నాడక్కడ.
తలనొప్పి మాత్ర కొనుక్కుని వచ్చాను.

జామకాయల పెంచలమ్మ రోజూ నందిపాడులో ఎక్కుతుంది.
గంపకు టికెట్ కొట్టనని నామీద కాస్త దయ.
ఆరోజు నా మొహం చూడలేదామె, సీసా చూసింది.
"ఏందిమే, ఈ నీళ్ళు రోజూ యాడికి మోస్తుండావు,
పుష్కరాలకా?"
నేను పలకలేదు.
"ఎన్నాళ్ళయింది?"
టికెట్ మిషన్ చాటున
చెయ్యి మొత్తం చూపించాను.

నవ్వలేదు. గంప అడుగున వెతికి
బాగా పండింది తీసి చేతిలో పెట్టింది.
"గింజలతోనే తిను, ఊంచబాక.
తెల్లార్తో గోరెచ్చటి నీళ్ళు చెంబుడు తాగు,
రెండడుగులు నడువు.
పిలిచినప్పుడు పోవాల, అదేమన్నా మన పాలేరా?
మాత్రలకు అలవాటు పడబాక.
నెత్తురు కనబడినా, కడుపు బిగిసి వాంతులైనా
నా కాయల్ని నమ్ముకోని కూచోబాక,
ఆత్మకూరు ఆసుపత్రికి పో."

అన్నీ తెలిసినవే. మా అమ్మ చెప్పినవే.
"తాగితే యాడికి పోను, పెంచలక్కా?"

దానికి మాత్రం కాయ లేదామె గంపలో.

వింజమూరు దాకా మాట్లాడలేదు.
దిగి, బేరానికి పోకుండా
గంప నా సీటు కింద వదిలేసి
నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది,
స్టాండు వెనక మిషన్ కుట్టే మాబున్నీ ఇంటికి.
రేకు తలుపు. లోపల గడియ. తొట్టి నిండా నీళ్ళు.
మేకుకు తాళంచెవి,
దానికి ఎర్ర జాకెట్టు పీలిక.
మాబున్నీ కత్తెర ఆపకుండానే అంది:
"ఎప్పుడైనా రా. అడగొద్దు."

తిరిగొచ్చేసరికి బస్సులో గొణుగుళ్ళు.
డ్రైవర్ కాలేషా హారన్ కొట్టలేదు.
బానెట్ తెరిచి, ఏదో చెడిపోయినట్టు
తల లోపల పెట్టుకుని నిలబడున్నాడు.

ఆరోజేం జరగలేదు.
శనివారమూ జరగలేదు, తాగుతూనే ఉన్నాను.
ఆదివారం తెల్లవారుజామున, ఇంట్లో,
సోమశిల కాలవకు నీళ్ళొదిలారని
పేపర్లో వేస్తారే, అట్లా.
బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని
ఊరికే కాసేపు ఏడ్చాను.
మా ఆయన కంగారుపడి ఏమైందన్నాడు.
ఏం చెప్పను?

ఇప్పుడు సీసా వింజమూరుకే ఖాళీ.
మాబున్నీ కుండలో ముంచుకుని ఎక్కుతాను.
రోజూ ఐదు నిమిషాలు లేటు.
కారణం అని ఉన్న గడిలో
ఇంజను వేడెక్కిందని రాస్తాడు కాలేషా.
నేను చదవకుండా సంతకం పెడతాను.