నిండుకుంది

ఆ లారీకి పెట్రోలు ట్యాంకు సీటు వెనకే.
యాభై ఒకటి నాటి షెవర్లే.
నడిపే మనిషి వీపుకీ పెట్రోలుకీ మధ్య
ఒక రేకు, ఒక చిరిగిన గొర్రెతోలు.

నిండుకుండ తొణకదంటారు.
గాస్త్రే దాటాక గులకరాళ్ళ దారిలో
వీపు వెనక అది తొణుకుతూనే ఉంటుంది,
ఎదురుగా డాష్‌బోర్డులో సూది మాత్రం
నిండు, నిండు అంటూ
కుడిపక్కకి ఒరిగి పడుకుంటుంది.

ఇంట్లో బియ్యం అయిపోతే
లేవనకూడదు, నిండుకున్నాయనాలని
ఏ ముసలమ్మ నేర్పిపోయిందో దీనికి
ఈ పటగోనియా గాలిలో.

దెల్మీరా ఆ మర్యాదకి రెండుసార్లు మోసపోయింది.
మొదటిసారి పదకొండేళ్ళ కిందట,
బండినిండా ఉన్ని మూటలు.
ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.
పద్నాలుగు కిలోమీటర్లు గాలికి ఎదురు నడిచి
పళ్ళ మధ్య ఇసుకతో
కత్తెరలు ఆడుతున్న కొట్టంలోకి వచ్చి
అందరి ముందూ అనేసింది:
"బ్రౌలియో దొంగ. చెడిన బండి అంటగట్టాడు."
బ్రౌలియో అప్పుడొక గొర్రె కాళ్ళు పట్టుకుని ఉన్నాడు.
వదల్లేదు. తలెత్తలేదు.
ఆ తర్వాత ఆమె ఇంటి దారిన
అతని గోధుమరంగు గుర్రం రాలేదు.

రెండోసారి సంగతి ఆమె చెప్పుకోదు.
పుల్ల మరిచిపోయిన రోజది.
సన్నటి విల్లో కొమ్మ, కత్తితో పెట్టిన ఐదు గాట్లు.
ట్యాంకులో ముంచి, తీసి,
తడి ఆరేలోపు లెక్క చూసుకుని
బయల్దేరడమే ఇన్నాళ్ళూ.

ఇవాళ మంచు. పనిలేదు.
అక్క మనవరాలు ఐలీన్, తొమ్మిదేళ్ళది,
స్టీరింగు వెనక కూచుని
"ఇదెందుకు అబద్ధం చెప్తుంది?" అంది.

సీటు ముందుకి మడిచింది దెల్మీరా.
ట్యాంకు నెత్తిన ఐదు స్క్రూల బిళ్ళ,
బిళ్ళ నడుమ ఒక తీగ. ఊడబీకింది.
"సూది?"
"నిండు."
తీగ కొసని బండి ఒంటికి, గీకిన ఇనుముకి తాకించింది.
"ఇప్పుడు?"
"పడిపోయింది అవ్వా! ఖాళీ! ఖాళీ!"
ఖాళీ అన్న మాటని
అంత పండగలా ఎవరూ అరిచి ఉండరు.

అయితే సూది మంచిదే. తీగా మంచిదే.
లోపలి బెండు మునిగిపోయిందా?
మునిగితే ఖాళీ అనాలి కానీ నిండు అనదే.
చేతి తొడుగులు తీసి
చల్లారిన మాతే ఒక గుక్క పీల్చింది.
తీగ మళ్ళీ బిగించింది.
ఇంకో ముక్క వెతికి, ఒక కొస బిళ్ళకి,
రెండో కొస బండి ఒంటికి.

"దిగుతోంది...
ఇంకా...
ఆగింది. పావు."

పుల్ల ముంచింది. పావే.

అంటే ఇంతకాలం బిళ్ళకి ఎర్త్ అందలేదు, అంతే.
ఎందుకందలేదో చూద్దామని
స్క్రూడ్రైవరు మొనతో బిళ్ళ అంచు గీకింది.
రాలింది
తుప్పు కాదు,
మట్టి కాదు,
నీలం.

ఆ నీలం ఆమెకి తెలుసు.
బండి కొన్న చలికాలం
ట్యాంకు దించి, మోచేతులదాకా తోమి,
బడి తలుపులకి వేయగా మిగిలిన డబ్బా అడిగి తెచ్చి
రెండు పూతలు వేసింది,
స్క్రూలకీ, పట్టీలకీ, పట్టీల కిందా,
ఇనుమన్నది ఎక్కడా కంటపడకూడదని.
బాగుందని తనే మురిసింది కూడా.

గోటికింద నీలంతో చాలాసేపు కూచుంది.
ఐలీన్ ఇంజను శబ్దం నోటితో చేస్తూ
ఎక్కడెక్కడికో పోయి వచ్చింది.

"అవ్వా, పావంటే ఎంత దూరం?"
"బ్రౌలియో ఇంటిదాకా."
"మరి తిరిగి రావడానికి?"
"చాలదు. అతన్నే అడగాలి."

చక్రాలకి గొలుసులు కట్టడానికి వంగుతూ
తనలో తనే అనుకుంది:
"అతని దగ్గరైనా ఉందో,
నిండుకుందో."